ఇంటికి నడుంకట్టు

బీల గట్టున రెల్లు పూసింది.
రెల్లు పూసిందంటే
ఇక ఇల్లు చూసుకోవాలి.

దాలమ్మత్త ఇంటి నుంచి నిచ్చెన తెచ్చాను.
ఐదో మెట్టు లేదు దానికి.
లేదని నా కాలికి తెలుసు,
చీకట్లో ఎక్కినా అక్కడ పెట్టదు.

ముందు రేకులు.
మేకు మేకునీ వేలితో కదిపి చూడడం,
వదులైన చోట పాత చెప్పు కోసిన రబ్బరు ముక్క
అడుగున పెట్టి మళ్ళీ దిగ్గొట్టడం.
పోయినేడు పూసిన తారు ఎండకి నెర్రెలిచ్చింది.
ఢిల్లేసు కింద నించుని డబ్బా అందిస్తాడు
కుడిచేత్తో.
ఎడమచేత్తో బరువెత్తకూడదన్నారు పలాస ఆస్పత్రిలో.
ఆ మణికట్టు దగ్గర నరం
ఎప్పుడూ గుయ్యిమంటూ ఉంటుంది,
చెవి ఆనిస్తే
దూరంగా సముద్రం.

ఆ ఏటి గాలికి మా నడింటి మీద పడిన కొబ్బరిచెట్టే
ఇప్పుడు మా దూలం.
పడిన రోజు నోటికొచ్చినట్టు తిట్టాను దాన్ని.
తరవాత కోయించి, వేపనూనె పట్టించి,
ఇద్దరు మనుషుల్ని పెట్టి పైకెత్తించాను.
మూడేళ్ళయింది, మంచిగానే మోస్తోంది.
అయినా దాని కింద పక్క వెయ్యను.

రేకుల మీద వల పరిచాం,
మంచినీళ్ళపేటలో ఆడబిడ్డ మొగుడు పారేస్తానన్నది.
ఇంకా నెత్తళ్ళ వాసన వస్తోంది.
ఊళ్ళో పిల్లులన్నీ మా కప్పు మీదే.
నాలుగు మూలలా ఎరువుల సంచుల్లో ఇసక నింపి
కొబ్బరితాడుతో వేలాడగట్టాను.
ఇన్నాళ్ళూ చేపల్ని పట్టింది.
ఇల్లు దానికంటే జారుడుదా ఏం?

అరుగు మీద ఊర్మిళ
ఊగుతూ పాఠం బట్టీపడుతోంది:
"శరదృతువులో ఆకాశం నిర్మలముగా ఉండును."
ఆగి, పైకి చూసి,
"అమా, నిర్మలం అంటే ఏటే?"
నోట్లో మేకులున్నాయి నాకు.
తీసి చెప్పాను,
"పైన ఏటీ నేకపోడం."
తలెత్తి చూశాను.
నిజమే, ఏటీ లేదు.
కడిగి బోర్లించిన సత్తు బేసిన్లా ఉంది.
ఆ ఏడూ ముందురోజు ఇలాగే ఉంది.

లోపలి పని తక్కువ.
చోడిపిండి డబ్బా అటక మీదకి,
ఉప్పు దాని పక్కకి.
పాసుపుస్తకం, రేషన్ కార్డు,
అన్నిటికన్నా పైన ఆస్పత్రి ఫైలు,
పాల కవర్లు అంటించి కుట్టిన సంచిలో.
బిందెలన్నీ నింపి మూతలు పెట్టాను.
తాగేది ఇద్దరమే, నేనూ గుంటా.
ఆయనకి రోజుకి ఒక్క చెంబు,
అదీ కొలిచి.
ఇంట్లోకి నీళ్ళొస్తాయని అందరం గోడలు తడుముకునే నెలలో
ఆయన ఒక్క చెంబుని
పొద్దు గూకేదాకా లాక్కొస్తాడు.

సాయంత్రం రంపానికి ఆకురాయి పెట్టాను.
దాలమ్మత్త చూసి,
"ఇంటి మీదకొచ్చే చెట్టు ఏదీ నేదు కదే,
రంపం దేనికి?" అంది.
ఇంటికి కాదత్తా,
రోడ్డుకి.
ఆ ఏడు పలాస దారిలో
చెట్టు మీద చెట్టు పడుకునుంది.
వెళ్ళాల్సిన రోజు దాటి మూడో రోజుకి
ఆయన మొహం ఉబ్బి, నన్ను వాళ్ళమ్మనుకున్నాడు.
ఈసారి ఆటో జోగారావుకి ముందే చెప్పాను:
నువ్వు బండి తియ్యి,
దారి నేను తీస్తాను.
నవ్వాడు. రంపం చూపిస్తే
నవ్వు ఆపి,
తన గొడ్డలి కూడా వేసుకొస్తానన్నాడు.

రాత్రి కరెంటు పోయింది. గాలికి కాదు, ఊరికే.
వెన్నెల వల కన్నాల్లోంచి
గళ్ళు గళ్ళుగా వాకిట్లో పడింది.
గుంట పుస్తకం మీద తల పెట్టి నిద్రపోయింది.
ఆయన ఎడమచెయ్యి తీసి
నా చెవి కింద పెట్టుకున్నాను.
గుయ్యిమంటోంది.

పెరటి వైపు రేకుకి
ఇంకా రెండు మేకులు మిగిలాయి.
నిచ్చెన రేపే ఇచ్చేస్తానని చెప్పాను అత్తకి,
ఇవ్వలేను.